చెట్టుకు చెవి ఆనించి

గౌతమీ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో దించేసరికి ఇంకా చీకటిగానే ఉంది. అమలాపురం బస్సు జొన్నాడ దగ్గర వంతెన ఎక్కాక కిటికీ అద్దం తీశాను. కింద గోదావరి కనబడలేదు, మంచు ఒక్కటే. రావులపాలెంలో అరటి గెలలు అటూ ఇటూ వేలాడేసిన సైకిళ్లను మనుషులు నడిపించుకుంటూ మార్కెట్ వైపు పోతున్నారు. కొత్తపేట దాటాక ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ అన్నది లేదు. ఒక ఊరి కొబ్బరితోట అయిపోకముందే ఇంకో ఊరి తోట మొదలైపోతుంది. సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైంది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి భుజాల మీద వెళ్లొచ్చిన ప్రభ ఒకటి, రంగు కాగితాలు ఊడిపోయి, గుడి గోడకు ఆనించి ఉంది.

అంబాజీపేటకు ఇవతల ఒక పల్లె మలుపులో దిగాను. నా స్నేహితురాలి బాబాయిగారు టీవీఎస్ బండితో ఎదురుచూస్తున్నారు. వాళ్లింట్లో ఐదు రోజులుండి, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వాళ్లు ఏయే పనులు చేస్తారో పక్కనే ఉండి చూస్తానని ముందే అడిగి ఉన్నాను. "చూడ్డానికి మా తోటలో ఏముందమ్మా, రోజూ ఉండే పనేగా" అన్నారాయన. అంటున్నప్పుడు ఆయన ముఖం నా వైపు లేదు. రోడ్డు పక్క చెట్ల మొవ్వులకేసి ఉంది. ఆ ఐదు రోజులూ అంతే. మాట నాతో, చూపు చెట్ల మీద.

మూడెకరాల కొబ్బరితోట, ఎకరం వరిచేను. ఎకరాకు సుమారు 60 చెట్లు. వాటి నీడలో కోకో, సందుల్లో కర్పూర అరటి, గట్ల మీద పోకచెట్లు, ఇంటి వెనక కందా పసుపూ. రెండు గేదెలు, ఒక దూడ, డజను కోళ్లు. తోట మధ్యలోనే పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఇప్పుడు ముగ్గురే: బాబాయిగారు, పిన్నిగారు, ఎనభై దాటిన మామ్మగారు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం, కూతురు అత్తవారింట్లో.

ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది నాలుగింటికి. మొదలుపెట్టేది పిన్నిగారు. నేను లేచి వచ్చేసరికే పాకలో పేడ ఎత్తేసి, వాకిట్లో కల్లాపి జల్లేసి, కుడితి కలుపుతున్నారు. బియ్యం కడుగు, తవుడు, గుప్పెడు ఉప్పు. గేదె మూతి కుడితి గోలెంలో పెట్టగానే దూడ పలుపు విప్పారు. అది నాలుగు గుక్కలు తాగాక పక్కకు లాగి కట్టి, పొదుగు మీద చెయ్యి వేసుకుని ఊరికే కూర్చున్నారు. నేనేదో అడగబోతే కళ్లతోనే వారించారు. పాలు పితికాక చెప్పారు: "కొత్త గొంతు వింటే ఎగచేపేస్తుందమ్మా. ఒకసారి ఎగచేపిందంటే ఆ పూటకింక పాలు రావు." రెండో రోజు నుంచి నేను మాట్లాడకుండా గుమ్మానికి ఆనుకుని నుంచున్నాను. చేపు వచ్చే క్షణం చూస్తే తెలుస్తుంది. గేదె నెమరు ఆగుతుంది, కళ్లు సగం మూతపడతాయి, పొదుగు బిగుస్తుంది. ఆ తరువాత చెంబులో మొదటి ధార చప్పుడు.

పాలకేంద్రానికి పోసే పాలు క్యానులో బాబాయిగారి బండికి ఎక్కుతాయి. ఇంటికి ఉంచుకున్నవి దాలిలోకి. పెరట్లో మోకాలి లోతు మట్టి గుంట, అందులో పిడకలు, కొబ్బరి డొక్కలు, పైన మట్టి కుండ. మంట ఉండదు, సెగే. పొద్దుట పెట్టిన పాలు సాయంత్రానికి ఇటుకరంగు తిరుగుతాయి, మీగడ వేలిమందం కడుతుంది. పల్లెల్లోనూ దాలి ఇప్పుడు తక్కువే. మామ్మగారు ఉన్నంతకాలం దాన్ని తీసేది లేదని పిన్నిగారు నిశ్చయించుకున్నారు. మామ్మగారికి ఆ పెరుగు తప్ప సయించదు.

తోట పని అంటే తోటలోనే జరుగుతుందని నేను అనుకుంటూ వచ్చాను. ఆ అభిప్రాయం పెంటకుప్ప దగ్గర మారింది. పాలు వెళ్లిపోయాక పిన్నిగారు పార పట్టుకుని పేడకుప్ప ఒక పక్క నుంచి తిరగేయడం మొదలుపెట్టారు. అడుగున బొటనవేలంత తెల్లటి పురుగులు, కొడవలిలా వంగి పడుకుని ఉన్నాయి. కోళ్లు అప్పటికే వచ్చి చుట్టూ నుంచున్నాయి. పురుగు కనబడటం, పెట్ట నోట పడటం రెప్పపాటు పని. అవి కొమ్ము పురుగు పిల్లలు. పేడకుప్పలో పెరిగి, రెక్కలొచ్చి, రాత్రిపూట ఎగిరి కొబ్బరి మొవ్వులోకి దూరి లేత ఆకును తొలిచేస్తాయి. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో త్రికోణాలు కత్తిరించినట్టు కనబడుతుంది. నష్టం అంతటితో ఆగితే బాధ లేదు. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. అది చెట్టు లోపల గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు లోపల్నుంచి మెత్తటి భాగమంతా తినేస్తాయి. పైకి పచ్చగా ఉన్న చెట్టు ఒకరోజు మొవ్వు వాల్చేస్తుంది.

అంటే పిన్నిగారు పొద్దున్నే పార పట్టుకోవడం కొబ్బరిచెట్టు ప్రాణం కాపాడే పని. ఆ కుప్పలో పురుగులకు రోగం తెచ్చే పచ్చ బూజు, మెటారైజియం, కూడా కలుపుతారు. అయినా తిరగేయడం మానరు. బాబాయిగారి దగ్గర ఒక లెక్కల పుస్తకం ఉంది. దింపుకు ఎన్ని కాయలు, ఎరువు ఎంత, కూలి ఎంత, అన్నీ తేదీలతో రాసి ఉంటాయి. పాలకేంద్రం పుస్తకం వేరే. పేడకుప్ప తిరగేసిన రోజులు ఏ పుస్తకంలోనూ లేవు. కుడితి, కల్లాపి, దాలి, కోళ్లను గంప కింద కమ్మడం, మామ్మగారికి కాళ్లకు నూనె రాయడం, ఇవీ లేవు. ఆ పుస్తకం తిరగేస్తున్నంతసేపూ నాకు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఆ లెక్క లేకుండా ఈ తోటకు ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో చెప్పలేం. చెప్పినా అది తప్పు లెక్కే.

ఎండ కాస్త పొడిచాక బాబాయిగారు తోట తిరగడానికి బయల్దేరతారు. చేతిలో కత్తి ఉంటుంది కానీ దాన్ని వాడటం తక్కువ. నడుస్తారు, ఆగుతారు, తలెత్తుతారు. కొబ్బరిచెట్టు తల ఎలా చదవాలో ఆయనే నేర్పారు. చెట్టు దాదాపు నెలకో మట్ట వేస్తుంది. ప్రతి మట్ట మొదట్లో ఒక గెల. కాబట్టి బాగున్న చెట్టు మీద 30కి పైగా మట్టలు, వాటి మధ్య అన్ని వయసుల గెలలు ఒకేసారి ఉంటాయి. పైన ఇంకా విచ్చుకోని పూగుత్తి, దాని కింద పిందెలు, ఆ కింద బొండాలు, అన్నిటికంటే కింద ముదురు కాయలు. పూత పూసిన దగ్గర్నుంచి కాయ ముదరడానికి ఏడాది పడుతుంది. ఈ రోజు ఏదో ఒక గెల పలచగా ఉందంటే, ఆ గెల పూత పూసిన నెలల్లో చెట్టుకు నీళ్లు చాలలేదనో, ఎరువు అందలేదనో అర్థం. "ఇదిగో ఈ గెల చూడండమ్మా. పోయిన వేసవిలో కాలవలు కట్టేశాక మోటారు కాలిపోయి ఇరవై రోజులు తడి లేదు. చెట్టు మర్చిపోదు" అన్నారు. వేలు పెట్టి ఒక్కో గెలనూ చూపిస్తూ ఏడాది వెనక్కి వెళ్లారు. రైతు డైరీ రాయకపోయినా చెట్టు రాస్తుందని నాకప్పుడు తెలిసింది.

ఆకుల అడుగున తెల్లటి పొడి వలయాలు చూపించారు. సర్పిలాకార తెల్లదోమ. కొన్నేళ్లుగా కోనసీమను పట్టి పీడిస్తోంది. అది కార్చే తీపి జిగురు కింద కోకో ఆకుల మీద పడి, దాని మీద మసి పట్టి ఆకులు నల్లగా అయిపోతాయి. కొందరు మందులు కొట్టారు. బాబాయిగారు కొట్టలేదు. మందుకు తెల్లదోమతో పాటు దాన్ని తినే పురుగులూ పోతాయని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు చెప్పిన మాట ఆయనకు నచ్చింది. మోటారుకు గొట్టం తగిలించి అందినంత మేర ఆకుల అడుగుకు నీళ్లు కొడతారు, మిగతాది మిత్రపురుగులకు వదిలేస్తారు. ఏమీ చేయకుండా ఆగడం కష్టమైన పని. ప్రతి ఉదయం చూస్తూ ఆగడం ఇంకా కష్టం.

తెలుగులో "చూసుకోవడం" అన్న మాట ఒకటుంది. తోట ఎవరు చూసుకుంటున్నారు, ముసలివాళ్లను ఎవరు చూసుకుంటున్నారు అని అడుగుతాం. చిన్నప్పటి నుంచీ వింటున్న ఆ మాటలో చూపు ఉందని నేను గమనించింది బాబాయిగారి వెనక నడుస్తున్నప్పుడే.

మధ్యాహ్నం కోకో పని. కోసిన కాయలు అరుగు మీద పోసి, చెక్కముక్కతో కొట్టి పగలగొడతారు. కత్తి వాడకూడదు, గింజ తెగితే బూజు పడుతుంది. లోపల తెల్లటి గుజ్జులో గింజలు సీతాఫలం తొనల్లా ఉంటాయి. ఆ గుజ్జు తీపికే ఉడతలూ ఎలుకలూ కాయలకు కన్నాలు పెడతాయి. గింజలన్నీ గుజ్జుతో సహా బుట్టలో పోసి అరటాకులు కప్పి బరువు పెడతారు. రెండు రోజులకోసారి తిరగేస్తూ ఆరు రోజులు. నాలుగు రోజుల కిందటి బుట్ట తిరగేయమని పిన్నిగారు నాకు అప్పగించారు. అరటాకు తీయగానే కల్లు పులిసిన వాసన, దాని వెనకే వెనిగర్ ఘాటు. చేతులు పెడితే వేడి. పొయ్యి లేదు, నిప్పు లేదు, గింజలు వాటంతట అవే కాగుతున్నాయి. ఆ వేడికే లోపల మొలక చచ్చి, గింజకు చాక్లెట్ రుచి పుట్టడానికి దారి పడుతుంది. ఎండాక కంపెనీల తరఫు కొనుగోలుదార్లు తూకం వేసి పట్టుకెళ్తారు. తమ గింజలతో చేసిన చాక్లెట్ ఏదో బాబాయిగారికి తెలీదు. "ఎక్కడో పిల్లలు తింటారు కదమ్మా" అన్నారు పిన్నిగారు, బుట్ట మీద మళ్లీ ఆకు కప్పుతూ.

ఆ పూట భోజనంలో కంద బచ్చలి కూర. కంద ఇంటి వెనకది, బచ్చలి బావి గట్టు మీదిది, ఆవ మామ్మగారు నూరింది. కొబ్బరి పచ్చడి ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

మామ్మగారికి కూర్చుని చేసే పనులన్నీ అప్పగించేశారు, లేదా ఆవిడే లాక్కున్నారు. కమ్మల నుంచి ఈనెలు చీరి చీపుళ్లు కడతారు. ఎంత చీరినా ఈనె విరగదు. చేతులు పనిలో ఉండగా నోరు కథలో ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఆవిడ చెప్పగా విన్నాను. ఈ ఇంట్లోనే, వంటగది మూలలో, అందరూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారట. చెట్లు విరిగే చప్పుడు ఎంతసేపని, లెక్కపెట్టడం మానేశారట. "తెల్లారి తలుపు తీస్తే ఆకాశం కనబడిందే అమ్మాయ్. నేను కాపరానికొచ్చాక ఈ వాకిట్లోంచి అంత ఆకాశం చూళ్లేదు." తోటలో నిలబడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆవిడ మామగారు నాటిన చెట్లవి. మరుసటి ఏడాది మళ్లీ నాటారు. పొడుగు రకం కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లూ ఈ ఇల్లు గేదెల మీదా, అరటి మీదా, వరి మీదా బతికింది. ఒక్క పంటనే నమ్ముకోకూడదని ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. తోటలో ఏ సందూ ఖాళీగా ఎందుకు లేదో నాకు ఈనెల దగ్గర కూర్చున్నాక అర్థమైంది.

వరి సంగతి బాబాయిగారు ఎక్కువ మాట్లాడలేదు. దాళ్వా నాట్లు అయిపోయాయి, సాయంత్రం వెళ్లి చేలో నీళ్లు చూసి వస్తారు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ఈ ఎకరం కూడా బీడు పడింది. మురుగు కాలవలు పూడిపోయి చేలు మునగడం, పెట్టుబడి పెరగడం, గిట్టుబాటు లేకపోవడం. "అన్నం పెట్టే చేను ఖాళీగా ఉంచి ఇంటికొచ్చి అన్నం తినడం బాధండి" అని మాత్రం అన్నారు. నాతో అంతవరకూ "అమ్మా" అంటున్న ఆయన ఆ ఒక్క వాక్యం "అండి" అని ఎవరికో చెప్పినట్టు చెప్పారు.

నాలుగో రోజు దింపు. రెండు నెలలకోసారి వచ్చే రోజు. ఇద్దరు దింపు కార్మికులు ఆరింటికల్లా వచ్చారు. కాళ్లకు తాడు బంధం వేసుకుని, మానును కౌగిలించుకుని, గొంగళిపురుగు నడిచినట్టు ఎక్కిపోతారు. పైన చేసేది కోయడం ఒక్కటే కాదు. ఎండుమట్టలు దించి, మొవ్వు శుభ్రం చేసి, కన్నం కనబడితే కొక్కెం వంచిన ఇనుప చువ్వతో కొమ్ము పురుగును లాగి, మట్టల మొదళ్లలో ఇసుకా వేపపిండీ కలిపి పోసి దిగుతారు. ముదురు గెల ఏదో కింద నుంచి మనం చెప్పనక్కర్లేదు, గోటితో మీటితే తెలుస్తుందట వాళ్లకు. ఇద్దరిలో పెద్దాయనకు యాభై దాటాయి. తన కొడుకును ఈ పనిలోకి రానివ్వలేదని, తనకు నడుము పోయిందని చెప్పాడు. పక్కనున్న బాబాయిగారు తల పంకించారు. ఈ పని కొడుకుకు వద్దనుకోవడం న్యాయం. ఈ చెట్లు ఇంకో నలభై ఏళ్లు కాస్తాయి, రేపు వీటిని ఎక్కేదెవరన్నదీ న్యాయమైన ప్రశ్నే. రెండూ ఒకే అరుగు మీద కూర్చుని టీ తాగాయి.

రాశి పోశాక ఒలుపు. నేలలో పాతిన మొనదేలిన గునపానికి కాయను పొడిచి, మూడు తిప్పుల్లో డొక్క విడదీస్తారు. కాయలు వెయ్యి లెక్కన వర్తకుడికి వెళ్తాయి. మంచివి కొన్ని ఒలవకుండా అటకెక్కించారు. ఏడాది దాకా కదపకుండా ఉంచితే లోపల నీళ్లు ఇగిరి, గుండ్రటి కురిడీ అవుతుంది. ఊపితే చిప్పలో గుండు దొర్లిన చప్పుడు. ఉత్తరాదిలో దానికి మంచి ధర. ధర బాగాలేనప్పుడు అటక రైతుకు ఓపిక ఇస్తుంది. డొక్కలు కొన్ని పీచు మిల్లుకు, కొన్ని దాలికి, మిగతావి తడి నిలవడానికి చెట్ల పాదుల్లోకి.

పక్క తోట కూడా బాబాయిగారే చూసుకుంటారు. యజమాని కుటుంబం అమెరికాలో ఉంది. అటు పక్కది హైదరాబాదులో ఉన్నవాళ్లది, కౌలుకిచ్చారు. ఆదివారం పొద్దున్నే ఫోను మోగుతుంది, "తోట ఎలా ఉంది బాబాయ్?" అని. ఆయన వీడియో తీసి పంపుతారు. ఆ అడిగే గొంతులో ప్రేమ నిజమే, నేను విన్నాను. కానీ వీడియోలో మొవ్వు దాకా కనబడదు, లోపలి చప్పుడు వినబడదు.

చప్పుడు సంగతి దింపు రోజు మధ్యాహ్నమే తెలిసింది. గట్టు పక్క పన్నెండేళ్ల చెట్టు ఒకటి, మనిషెత్తున మాను మీద చిన్న కన్నం, దాంట్లోంచి ఎర్రగోధుమ జిగురు కారి ఎండి ఉంది. బాబాయిగారు చెప్పులు విడిచి, మానుకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నారు. ఎంతసేపో అలాగే. తరువాత జరిగి, "వినండమ్మా" అన్నారు. మొదట నాకు నా గుండె చప్పుడే వినిపించింది. మళ్లీ ఆనించాను. లోపల, చాలా లోపల, ఎండుగడ్డి నమిలినట్టు కరకరమని ఒక చప్పుడు. బతికున్న చెట్టును లోపల్నుంచి తింటున్న చప్పుడు. ఒళ్లు జలదరించింది.

కన్నాలు వెతికి, అన్నిటికంటే పైదాంట్లో గరాటు పెట్టి మందు పోశారు. కింది వాటినీ దాన్నీ బంకమట్టితో మూసేశారు. మొవ్వు ఇంకా వాలలేదు కాబట్టి ఆశ ఉందన్నారు. సాయంత్రం పిన్నిగారు వచ్చి ఆ మట్టి మీద చెయ్యి వేసి చూసి వెళ్లారు. గేదె పొదుగు మీద వేసినట్టే.

చివరి రోజు ఐదింటి బస్సుకు బయల్దేరాను. పిన్నిగారు పాకలో ఉన్నారు. గేదె చేపుకొచ్చింది, లేవడానికి లేదు. నన్ను చూసి తల ఊపారు, నేనూ మాట్లాడకుండా తల ఊపాను. సంచిలో ఏం పెట్టారో రైలెక్కాక చూశాను: రెండు కురిడీలు, పసుపు కొమ్ములు, మామ్మగారి చీపురు.

బాబాయిగారు టార్చి పట్టుకుని రోడ్డు దాకా వచ్చారు. టార్చి వెలుగు దారి మీద కంటే మొవ్వుల మీదే ఎక్కువ పడుతోంది. గట్టు పక్క చెట్టు దగ్గర ఆగారు. టార్చి నాకిచ్చి, చెప్పులు విడిచి, చెవి ఆనించారు. దూరంగా మంచులో బస్సు దీపాలు కనబడ్డాయి, హారన్ మోగింది. ఆయన చెవి మాను మీంచి తీయకుండానే, బస్సును ఆగమని చెయ్యెత్తారు.